మర్యాద దమ్ములు

గురువారం ప్రయోగశాలకు మనుషులు వచ్చి సిగరెట్లు తాగబోతున్నారని అక్కడి సహాయకుడు జాండిర్ పొద్దున్నే పొగతాగే యంత్రం మీద తెల్లదుప్పటి కప్పాడు.

"ఎందుకది?" అంది మార్లీజ్.

"చూస్తే కుళ్లుకుంటుందండీ పాపం. ఇన్నేళ్లుగా మనల్నే నమ్ముకుని తాగుతోంది. ఇవాళ దాని కళ్లముందే సవతుల్ని తెచ్చి కూర్చోబెడుతున్నాం."

మార్లీజ్ నవ్వుతూ దుప్పటి లాగేసింది. అది మంచి యంత్రం. వరుసగా నోళ్లు తెరుచుకున్న రబ్బరు రంధ్రాలు. ఒక్కోదాని వెనుక తెల్లటి గాజునూలు బిళ్ల. దాని వెనుక పొగను లాక్కునే పిచికారీ. నిమిషానికి ఒక దమ్ము, దమ్ముకు రెండు సెకన్లు, ఆ రెండు సెకన్లలో ముప్పై అయిదు మిల్లీలీటర్లు. దానికి దిగులుండదు, ఆత్రం ఉండదు, ఎదురుగా తగువులాడే మనిషి ఉండడు. సిగరెట్టును రబ్బరులోకి తొమ్మిది మిల్లీమీటర్లు గుచ్చి, అటూ ఇటూ వెంట్రుకవాసి తేడా రాకుండా చూడడం మార్లీజ్ పని. తాగడం అయ్యాక బిళ్లను పట్టకారుతో తీసి తూచేది ఆమే. ఆ తూకమే తారు అంకెగా సిగరెట్టు పెట్టె పక్కన సన్నటి అక్షరాల్లో అచ్చయ్యేది. రియో పార్దో లోయలో పొగాకు పండించే వాళ్లూ, ఏరే వాళ్లూ, అమ్మే వాళ్లూ అందరూ ఆ అంకెను చూసిన వాళ్లే. దాన్ని తూచే చేయి తనదని మార్లీజ్‌కు లోలోపల ఒక గర్వం ఉండేది.

ఇప్పుడు రాజధానిలో ఆరోగ్యశాఖ వాళ్లు ఒక ప్రశ్న లేవదీశారు. పెట్టె మీద 'లైట్' అని రాస్తున్నారే, యంత్రానికి తక్కువ తారు దక్కితే మనిషికీ తక్కువే దక్కుతుందని రుజువేమిటి? ప్రయోగశాల అధిపతి డాక్టర్ గ్రెస్లర్ ఆ ప్రశ్నకు జంకలేదు. దమ్మును కొలిచే చిన్న గొట్టం ఒకటి తెప్పించాడు. ఒక కొసన సిగరెట్టు దూర్చి రెండో కొస నోట పెట్టుకుంటే, ఎంత లాగారో, ఎంతసేపు లాగారో, దమ్ముకూ దమ్ముకూ మధ్య ఎంత ఆగారో కంప్యూటరు తెర మీద గుట్టలు గుట్టలుగా గీస్తుంది. తాగడానికి ఆకుల షెడ్డులో పనిచేసే ఆడవాళ్లను పిలిపించాడు. వాళ్లంతా చాలాకాలంగా కంపెనీ వారి లైట్ సిగరెట్టే తాగుతున్నారు.

వాళ్లు చర్చికి వెళ్లే బట్టల్లో వచ్చారు. షెడ్డులో నడుముకు గోనె కట్టుకుని ఆకులు ఏరే మనుషులు, ఇవాళ ఇస్త్రీ చేసిన లంగాల్లో, తడిదువ్వెనతో అణచిన జుట్టుతో, చేతిసంచులు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద వరుసగా కూర్చున్నారు. అందరికంటే ముందు కూర్చున్నది లోయ్వా, మార్లీజ్ అక్క.

"ఏమే చిన్నీ, ఈ గొట్టం పంటితో కరవాలా, పెదాలతో పట్టుకోవాలా?"

"పెదాలతో చాలక్కా. పెదవిరంగు తుడుచుకో, లోపల అంటుకుంటుంది."

"అయ్యో, ఇందాకే పెట్టుకున్నానే! మీ బావ కూడా అడిగాడు, తాగడానికి వెళ్తున్నావా, తాంబూలాలకా అని." లోయ్వా చేతిరుమాలుతో పెదాలు తుడుచుకుని, వెనక్కి తిరిగి బెంచీ మీది వాళ్లను ఒకసారి చూసింది. వాళ్లూ రుమాళ్లు తీశారు.

"నీకెలా అలవాటో అలాగే తాగు. ఇక్కడ ఎవరూ లేరనుకో."

"తెల్లకోట్లేసుకుని ఇంతమంది నా నోట్లోకి చూస్తుంటే ఎవరూ లేరనుకోవాలిట!"

అందరూ నవ్వారు. లోయ్వా సిగరెట్టు ముట్టించింది. పాస్టరు గారింట్లో తేనీరు తాగేటప్పటిలా చిటికెనవేలు పైకెత్తి, పెదాలు గొట్టానికి ఆనీఆనకుండా, సుతారంగా ఒక దమ్ము లాగింది. తెర మీద గుండ్రటి చిన్న గుట్ట లేచి దిగింది. తర్వాత ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని గోడగడియారం వైపు చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి ఇంకో గుట్ట. ఆ తర్వాత కూర్చున్నావిడా అంతే. ఆ తర్వాతావిడా అంతే.

"మన యంత్రానికి కవలలు దొరికారండోయ్!" అన్నాడు జాండిర్.

డాక్టర్ గ్రెస్లర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. సంతోషం వచ్చినప్పుడు ఆయన చేసే పని అది. "యంత్రం వేరు, మనిషి వేరు అంటారు కదమ్మా రాజధానిలో. చూడనియ్యి. సోమవారానికి కాగితం తయారుచేసి ఇద్దరం సంతకాలు పెడదాం."

మార్లీజ్ ఆ గుట్టలను చూస్తూ నిలబడింది. ఆకులు ఏరే బల్ల దగ్గర ఏ ఇద్దరి చేతులూ ఒకేలా కదలవు. ఏ ఇద్దరి నడకా ఒకటి కాదు. అలాంటిది ఇంతమంది ఆడవాళ్లు ఒకే కొలతలో, ఒకే తాళంలో ఊపిరి తీసుకోవడం ప్రకృతిలో జరిగే పని కాదు. కొలవడం వృత్తిగా పెట్టుకున్న వాళ్లెవరికైనా అది అనుమానం కలిగించాల్సిన పొందిక. ఆమెకూ కలిగింది. కానీ బెంచీ మీద నుంచి లేస్తూ లోయ్వా, 'బాగానే చేశానా?' అన్నట్టు కనుబొమలెగరేసింది. మార్లీజ్ తలూపింది.

*

ఆదివారం భోజనానికి అక్క ఇంటికి వెళ్లడం మార్లీజ్‌కు ఆనవాయితీ. పొయ్యి మీద కోడిపులుసు మరుగుతోంది. ఇంట్లో ఒత్తిన నూడుల్స్, పిండి చల్లిన గుడ్డ మీద ఆరుతున్నాయి. బావ వరండాలో తేనీరులా తాగే మాటే ఆకు నింపిన సొరబుర్రలో వేడినీళ్లు పోసుకుంటూ రేడియోలో ఫుట్‌బాల్ వింటున్నాడు.

"కట్టెలు తెస్తానుండు," అని లోయ్వా పెరట్లోకి వెళ్లింది.

కట్టెల కొట్టం వెనుక ఆమె నిలబడడం వంటింటి కిటికీలోంచి మార్లీజ్‌కు కనిపించింది. కావాలని చూడలేదు; పిండిచేతులు కడుక్కుంటూ తలెత్తింది, అంతే. లోయ్వా సిగరెట్టును బొటనవేలికీ రెండువేళ్లకూ మధ్య చిటికెపట్టు పట్టి, పెదాల లోపలికి బాగా దూర్చి, కళ్లు మూసుకుని లాగింది. చెంపలు లోపలికి పీక్కుపోయాయి. నిప్పు సర్రున పాకి తెల్లబారింది. పొగ పూర్తిగా వదలకముందే మళ్లీ లాగింది. చంటిబిడ్డ ఏడ్చి ఏడ్చి దొరికిన పాలను తాగినట్టుంది ఆ తాగడం. కొసదాకా తాగి, పీకను తలుపు పక్కనున్న జామ్ డబ్బాలో వేసి, మోకాళ్ల మీద చేతులానించి వంగి దగ్గింది. ఆ తర్వాతే కట్టెలు ఏరుకుంది.

అక్క కట్టెలు పొయ్యి పక్కన పేర్చి బావకు వేడినీళ్లు ఇవ్వడానికి వెళ్లగానే మార్లీజ్ పెరటి గుమ్మం దాటి, డబ్బాలోంచి గుప్పెడు పీకలు తీసి కోటు జేబులో వేసుకుంది. దొంగతనం చేస్తున్నట్టే చేసింది. ఆమె ఎరిగినంతలో అది దొంగతనమే. కానీ సాయంత్రం దాకా ఆగలేకపోయింది. కూరగాయల కత్తి తీసుకుని, బల్ల మూల ఒక పీకను పెట్టి, ఫిల్టరు కొసను పలచగా కోసింది.

లైట్ సిగరెట్టు ఫిల్టరు చుట్టూ కంటికి ఆననంత సన్నని చిల్లుల వలయం ఉంటుంది. ఆ చిల్లుల్లోంచి బయటిగాలి లోపలికి వచ్చి పొగను పలుచన చేస్తుంది. చిల్లులు తెరిచి ఉంటే గాలి అంచుల వెంబడి దూరి అక్కడ తెల్లగా ఉంచుతుంది. నడిమధ్య మాత్రం గుండ్రటి మరక పడుతుంది. యంత్రం తాగిన పీకలు ఎప్పుడూ అలాగే ఉంటాయి, ఎందుకంటే రబ్బరునోరు చిల్లుల దాకా రాదు. ఈ పీక అంచు నుంచి అంచు దాకా ఒకటే ముదురు గోధుమరంగులో ఉంది. రెండోది కోసింది. మూడోది కోసింది.

"ఏం చేస్తున్నావే?"

లోయ్వా గుమ్మంలో ఖాళీ కెటిలుతో నిలబడి ఉంది.

"ఆదివారం పూట నా ఎంగిలి పీకలు కోస్తున్నావా? అదీ ఉల్లిపాయలు కోసే బల్ల మీద?"

లోయ్వా కెటిలు దింపి వచ్చి కోసిన ముక్కలను చూసింది. ఆమెకు వాటి అర్థం తెలిసే అవకాశం లేదు. అయినా ఆమె మెడ మీద ఎర్రదనం మెల్లగా చెవులదాకా పాకింది.

"పట్టుకున్నావన్నమాట," అంది చిన్నగా.

"అక్కా..."

"నన్ను చెప్పనీ. గురువారం బస్సులో అందరికీ నేనే చెప్పాను. మా చెల్లెలి పరువు సంగతి, ఇంటి వెనక తాగినట్టు తాగకండర్రా, పద్ధతిగా తాగండి అని. ఎలా తాగాలో సైగ చేసి చూపించాను కూడా." బల్ల మీద లేని పిండిని అరచేత్తో తుడిచింది. "నువ్వు నాకు మంచి సిగరెట్టిచ్చావు, నేనేమో పందిలా జుర్రుకుంటున్నాను. మామూలుగా తాగితే అందులో ఏమీ తగలదే. ఎంత లాగినా వట్టి గాలి. ఇంకాస్త, ఇంకాస్త అని... నా కక్కుర్తి నీకు తెలిస్తే నీ ముఖం ఎలా చూడను? మీ బావ ముందు కూడా తాగను. రెండేళ్లుగా ఆ కొట్టం వెనకే."

మార్లీజ్ కత్తిని కింద పెట్టింది. తాను నేరస్థురాలిగా నిలబడ్డ చోట అక్క వచ్చి తలవంచుకుని నిలబడింది. ఆ చోటు ఖాళీ చేయించడానికి ఒకటే దారి ఉంది.

"నీది కక్కుర్తి కాదు. నీ ఒంటికి అలవాటైన నికొటిన్ ఎంతో అంత అది అడుగుతుంది. పలుచన చేసి ఇస్తే గట్టిగా లాగుతుంది, త్వరత్వరగా లాగుతుంది. ఇదిగో, ఇక్కడ చిల్లులుంటాయి. నీ వేళ్లూ పెదాలూ వాటిని మూసేస్తున్నాయి. నీకు తెలియకుండానే. అందరూ మూస్తారు."

"మూస్తే?"

"పెట్టె మీదున్న అంకెకు మూడు రెట్లు లోపలికి పోవచ్చు. అదొక్కటే కాదు. గట్టిగా లాగితే నిప్పు కాలే తీరే మారిపోతుంది, పొగలో ఏది ఎంత పాలు ఉంటుందో అదీ మారుతుంది. చిల్లులు మూస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంకా పెరుగుతుంది. కళ్లు మండించే ఫార్మాల్డిహైడ్ లాంటివీ పెరుగుతాయి. ఆ అంకె నీది కాదక్కా. నిమిషానికోసారి మర్యాదగా లాగే యంత్రానిది."

లోయ్వా కుర్చీ లాక్కుని కూర్చుంది. బయట రేడియోలో ఎవరో గోలు వేశారు, బావ ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది? గురువారమా?"

"కాదు."

"నేను ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు, మానలేకపోతే కనీసం ఇవి తాగక్కా అని పెట్టె చేతిలో పెట్టావే. అప్పటికి తెలుసా?"

ఆ ప్రశ్నకు జాగ్రత్తగా చెప్పదగ్గ జవాబులు చాలా ఉన్నాయి. అప్పటికి లెక్కలు సంపూర్ణంగా లేవు. పరిశోధనల్లో ఏకాభిప్రాయం లేదు. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. వీటిలో ఏదీ అబద్ధం కాదు. సత్యాన్ని తూకం వేసి పంచుకునే ప్రపంచంలో అంతకాలం బతికిన మనిషికి అవన్నీ నాలుక చివరనే ఉన్నాయి. కానీ ప్రయోగశాలలో యంత్రం తాగినట్టు మనుషులు తాగరన్నది మొదటి ఏడాదే, కాఫీ తాగుతూ అందరూ నవ్వుకుంటూ చెప్పుకునే మాట. ఆమె కూడా నవ్వింది.

"తెలుసు," అంది మార్లీజ్.

లోయ్వా తిట్టి ఉంటే బాగుండేది. లేచి, పీక ముక్కలను అరచేతిలోకి ఊడ్చి పొయ్యిలో పారేసి, బల్ల సబ్బుతో కడిగింది. నూడుల్స్‌ను మరిగే నీళ్లలో వేసింది.

"పులుసు చల్లారిపోతోంది," అంది. "మీ బావని పిలువు."

భోజనాల దగ్గర ఆమె చెల్లెలికి కోడి గుండెకాయ, కందనకాయ ఎప్పటిలాగే ఏరి వడ్డించింది. మార్లీజ్ అవి నీళ్లతో దింపుకుంది.

*

సోమవారం పొద్దున డాక్టర్ గ్రెస్లర్ కాగితం ఆమె ముందుకు జరిపాడు.

"చదువుకో. ఒక్క అబద్ధపు అంకె కూడా లేదు."

నిజమే. ఒక్కటి కూడా లేదు. పాల్గొన్నవారి దమ్ముల సగటు పరిమాణం, సగటు విరామం, ప్రామాణిక యంత్రంతో పోలిక. ప్రతి అంకె తెర మీద ఆమె కళ్లారా చూసినదే.

"డాక్టరుగారూ, వాళ్లు కొంచెం... బిగుసుకుపోయి తాగారేమోనని."

"మనం ఏమన్నా చెప్పామా అలా తాగమని?"

"లేదు."

"వాళ్ల అలవాటు ప్రకారం తాగమని నువ్వే అన్నావు కదా? నేను విన్నాను." ఆయన గొంతులో బెదిరింపు లేదు. ఉంటే ఆమెకు తిరగబడడం సులువయ్యేది. "కొలిచింది రాస్తాం. కొలవనిది ఊహించి రాయం. నేను నీకు నేర్పింది అదే కదమ్మా?"

ఆయన మాటల్లో తప్పు పట్టుకోవడానికి ఆమె వెతికింది. దొరకలేదు. రాత్రి పడుకునే ముందు చెప్పాలనుకుని కూర్చుకున్న మాటలన్నీ ఆ మెత్తటి గొంతు ముందు పిల్లతనంగా తోచాయి. మార్లీజ్ కలం తీసుకుని సంతకం చేసింది. చేసిన వెంటనే అరచేతిని తెల్లకోటుకు తుడుచుకుంది.

ఆయన కాగితాన్ని ఊపి ఆరబెడుతుండగా బయట జాండిర్ గొంతు వినిపించింది. "అలా లోపలికి వెళ్లకూడదండీ! చేతులన్నా కడుక్కుని..."

లోయ్వా లోపలికి వచ్చింది. షెడ్డు నుంచి నేరుగా వచ్చింది. నడుముకు గోనె ఉంది, తలకు గుడ్డ ఉంది, వేళ్లు పచ్చి పొగాకు జిగురుతో నల్లగా ఉన్నాయి. మెట్లెక్కిన ఆయాసంతో గోడ పట్టుకుని కాసేపు నిలబడింది.

"నమస్కారం డాక్టరుగారూ. నన్ను ఇంకోసారి ఆ గొట్టానికి తగిలించాలి."

"పరీక్ష అయిపోయిందమ్మా. చాలా సాయం చేశారు."

"చెయ్యలేదండీ. మొన్న నేను అబద్ధం తాగాను. నా మాట విని మావాళ్లంతా అబద్ధమే తాగారు." ఆమె మార్లీజ్ వైపు చూడలేదు. "షెడ్డులో సగం మంది ఈ సిగరెట్టుకి మారింది నా వల్లే. మా చెల్లెలు లాబులో కొలుస్తుంది, దానికి తెలుసు అని ఊరూరా దండోరా వేసింది నేనే. ఇప్పుడు వాళ్ల పక్కన కూర్చుని ఆకులు ఏరలేకపోతున్నాను. చేతులు ఆడట్లేదు."

డాక్టర్ గ్రెస్లర్ ఆమెకు కుర్చీ చూపించాడు. ఆయన మర్యాద తప్పే మనిషి కాడు. "మీ బాధ అర్థమైంది. కానీ చూడండి, ఇప్పుడు మీరు పనిగట్టుకుని గట్టిగా లాగితే అది శాస్త్రం అవదు."

"మొన్న పనిగట్టుకుని మెల్లగా లాగితే అయింది కదండీ," అంది మార్లీజ్.

తన నోటి వెంటే ఆ మాట వచ్చిందని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది. గ్రెస్లర్ ఆమె వైపు తిరిగి, చేతిలోని కాగితం వైపు చూసి, మళ్లీ ఆమె వైపు చూశాడు.

"ఇందాకే కదా సంతకం చేశావు!"

లోయ్వా అప్పుడు చూసింది చెల్లెలి వైపు, మొదటిసారి. ఆదివారం నాడు కూడా ఆ చూపు లేదు. నిన్న నిజం చెప్పిన మనిషే, ఈ ఉదయం ఆ నిజాన్ని కప్పేసే కాగితం మీద సంతకం పెట్టింది. మార్లీజ్‌కు చెవులు మండాయి. గదిలో నలుగురికీ కనిపించేంతగా ముఖం ఎర్రబడిందని తెలుస్తూనే ఉంది. దాన్ని దాచుకునే ప్రయత్నం చేయకుండా ఆమె పరికరం దగ్గరకు వెళ్లి గొట్టాన్ని విప్పి స్పిరిటుతో తుడిచింది.

"చేశానండీ," అంది. "తప్పు చేశాను."

"అది ఆన్ చేస్తే అంకెలు నమోదవుతాయి మార్లీజ్. చెరపడానికి వీలుండదు."

"తెలుసండీ."

ఆమె మీట నొక్కింది. సిగరెట్టు తీసి, ఫిల్టరు చుట్టూ సన్నటి అంటుకాగితం పట్టీ చుట్టబోయి ఆగింది. గొట్టంలో పెడితే వేళ్లూ పెదాలూ తగలక చిల్లులు తెరిచే ఉండిపోతాయి. మనిషి మూసేంత మేరే మూయాలి.

"అక్కా, నీ వేళ్లు ఎక్కడ పడతాయో చూపించు."

లోయ్వా నల్లటి వేళ్లతో సిగరెట్టు పట్టి చూపింది. "ఇదిగో, బొటనవేలు ఇక్కడ. ఆ పక్కన ఇవి రెండూ. కాస్త కిందికి చుట్టు. ఆఁ, అంతే." వాళ్ల తలలు దగ్గరగా వంగాయి. అక్క బట్టల్లోంచి పచ్చి ఆకు వాసన, పొయ్యి వాసన వచ్చాయి.

లోయ్వా కూర్చుని అగ్గిపుల్ల గీసింది. గుమ్మం దగ్గర జాండిర్, కాగితం చేత్తో పట్టుకుని గ్రెస్లర్, ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఆమె వాళ్లందరినీ ఒకసారి చూసింది. అందరి ఎదుటా బట్టలు విప్పమన్నట్టుగా ఉండి ఉంటుంది ఆమెకు. తర్వాత కళ్లు మూసుకుని, కట్టెల కొట్టం వెనుక లాగినట్టే లాగింది. చెంపలు పీక్కుపోయాయి. గొట్టంలోంచి ఈల లాంటి సన్నటి శబ్దం వచ్చింది. తెర మీద గీత నిటారుగా లేచి, మొన్నటి గుట్టల పైకి, ఇంకా పైకి పోయి, తెర పై అంచుకు తగిలి ఆగిపోయింది. పొగ పూర్తిగా వదలకముందే ఆమె మళ్లీ లాగింది.

జాండిర్ తెర వైపు ఒక అడుగు వేశాడు.

"ఎంత?" అంది లోయ్వా పొగలోంచి.

మార్లీజ్ తెరకు దగ్గరగా వంగింది. "మొదటిది డెబ్బై ఒకటి. రెండోది అరవై ఆరు."

"యంత్రం ఎంత లాగుతుందన్నావు?"

"ముప్పై అయిదు."

లోయ్వా తలూపి మూడోసారి లాగింది. ఈసారి దగ్గు తెర తెరలుగా పొడుచుకొచ్చింది. గొట్టాన్ని నోటి నుంచి తీయకుండా, రెండో చేత్తో గోనెగుడ్డ కొసను గుప్పిట పట్టి, కళ్లలో నీళ్లు కారుతుండగా అది తగ్గేదాకా ఆగింది. ఆపేయమని చెప్పడానికి మార్లీజ్ ముందుకు వంగింది. అక్క ఎడమచెయ్యి ఎత్తి వారించింది.

"అంకెలు అలా గొణుక్కోకు," అంది. "ఈ దగ్గులో నాకు వినబడ్డం లేదు. ఆ కాగితం పట్టుకుని నిలబడ్డాయనకి కూడా వినబడాలి."

మార్లీజ్ గొంతు పెంచి, మళ్లీ మొదటి దమ్ము నుంచి చదివింది.